మా ఋణములు క్షమించుము

డిసెంబర్ 18తో నోటుకు మూడేండ్లు నిండుతాయని నవంబర్ చివర్లోనే మా ఇంటామె గుర్తు చేసింది. మా చిన్నాయన కొడుకు రాసిచ్చిన ప్రామిసరీ నోటు అది. 80,000 రూపాయలు, నూటికి రెండు రూపాయల మిత్తి. బిడ్డ కాలికి ఆపరేషన్ చేయాలన్నారని పరకాల దగ్గరి మా సొంతూరు నుంచి హనుమకొండకు పరుగెత్తుకొస్తే ఇచ్చాను. మొదటి ఆరు నెలలు మిత్తి తెచ్చిచ్చాడు. తర్వాత పత్తి దెబ్బతిన్నది. తమ్ముడు మా ఇంటికి రావడం మానేశాడు.

మూడేండ్లు దాటితే నోటుకు కాలదోషం పడుతుంది, కోర్టుకు పోయినా చెల్లదు. అందుకే గడువు దాటకముందే నోటు తిరగరాయించుకోవాలి. లేదంటే ఐదొందలో వెయ్యో కట్టించుకొని, నోటు వెనక చెల్లు రాయించి సంతకం పెట్టించుకోవాలి. అప్పులిచ్చే ఇండ్లలో అందరికీ తెలిసిన పద్ధతే ఇది.

ఆ ఆదివారం మా చర్చిలో ప్రభువు ప్రార్థన చెప్పించే వంతు సంఘపెద్దగా నాకు వచ్చింది. "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము" దగ్గరికి రాగానే గొంతు ఆగిపోయింది. వెనక సంఘమంతా చెప్పుకుంటూ ముందుకు పోయింది, నేను పెదాలు కదిపాను. నా ఋణస్థుడు నలభై కిలోమీటర్ల లోపలే ఉన్నాడు. నేను ఆయన సంతకం కోసం క్యాలెండర్ చూసుకుంటున్నాను.

చిన్నప్పటి నుంచి నోటికి వచ్చిన ప్రార్థనను ఆ వారం మాటమాటగా విప్పి చదివాను. సువార్తను బతుకులో పెట్టడం అంటే మనం మామూలుగా అబద్ధమాడకపోవడం, తాగకపోవడం, ఆదివారం మానకపోవడం గురించి మాట్లాడుకుంటాం. అప్పు గురించి మాట్లాడుకోం. ఓరుగల్లు చుట్టుపక్కల ఉద్దెర లేకుండా విత్తనం భూమిలో పడదు, చిట్టీ లేకుండా బిడ్డ పెండ్లి కాదు. యేసు ఎన్నోసార్లు మాట్లాడిన సంగతి మన ఇండ్లలో రోజూ నలుగుతుంటే, దాన్ని మాత్రం వాక్యం నుంచి పక్కకు పెట్టేశాం.

పాపమా, అప్పా?

మొదటి చిక్కు మాటలోనే ఉంది. మత్తయి సువార్త 6వ అధ్యాయంలో "మా ఋణములు క్షమించుము" అని ఉంది. లూకా 11లో అదే ప్రార్థన మొదటి సగం "మా పాపములను" అంటుంది. రెండో సగం మాత్రం "మాకచ్చియున్న ప్రతివానిని" క్షమిస్తున్నాం అంటుంది. అచ్చియుండడం అంటే బాకీ పడి ఉండడం. ఇప్పుడు ఆ మాట మన నోళ్లలో లేదు, బైబిల్లోనే మిగిలింది. గ్రీకులో మత్తయి వాడిన 'ఒఫెయ్‌లేమాటా' లెక్కల పుస్తకంలోని మాటే, చెల్లించవలసిన బాకీలు అని అర్థం. ఇంగ్లీషులో ఆరాధించే చాలా సంఘాలు ఈ చోట హద్దు మీరడం అనే అర్థం వచ్చే మాట వాడతాయి. మన తెలుగు వదల్లేదు. కాజీపేట ఫాతిమా కథెడ్రల్‌లో కతోలిక సోదరులు చెప్పే పరలోక జపంలో కూడా "అప్పులు" అనే ఉంటుంది. ఇంకా సూటిగా.

మరి యేసు పాపం అన్నాడా, అప్పు అన్నాడా? ఆయన మాట్లాడిన అరమాయిక్ భాషలో 'హోబా' అనే మాట రెండింటికీ ఒకటే. ఇది అర్థం కావడానికి మనం అంత దూరం పోనక్కర్లేదు. బస్సులో కాలు తొక్కినవాడు "మాఫ్ చెయ్యన్నా" అంటాడు. బాకీ కట్టలేనివాడూ "మాఫ్ చెయ్యన్నా" అనే అంటాడు. రుణమాఫీ అంటే బ్యాంకు పుస్తకంలో అంకె కొట్టేయడం, తప్పు మాఫీ అంటే మనసులో కోపం కొట్టేయడం. మాట ఒకటే. ఉర్దూ మన నాలుక మీద పెట్టిపోయిన ఈ ఒక్క మాటతో తెలంగాణ మనిషి ఆ ప్రార్థనను గలిలయ మనిషి విన్నట్టే వినగలడు.

ఇది ఆత్మసంబంధమైన ప్రార్థన, పైసల ముచ్చట కాదు అనేవాళ్లు సగమే చదువుతున్నారు. ఇది పైసల ముచ్చటే, పాపం గురించి కాదు అనేవాళ్లూ అంతే. పౌలు కొలస్సయులకు రాస్తూ సిలువను ఎట్లా వర్ణించాడో చూడండి. మన మీద ఋణంగా ఉన్న పత్రాన్ని మేకులతో సిలువకు కొట్టి, దాని మీది చేవ్రాతను తుడిచివేశాడు అంటాడు. గ్రీకులో ఆ మాటకు అర్థం బాకీదారు తన చేత్తో రాసిచ్చిన కాగితం. అంటే ప్రామిసరీ నోటు. రక్షణ గురించి చెప్పడానికి అపొస్తలుడికి దొరికిన బొమ్మ నా బీరువాలో ఉన్న కాగితం లాంటిదే.

ఆ కాలంలో అప్పు ఎంత బరువో తెలియకపోతే ఈ ప్రార్థన ఉత్త మంచిమాటలా వినిపిస్తుంది. మోషే ధర్మశాస్త్రం ద్వితీయోపదేశకాండం 15లో ఏడేండ్లకోసారి అప్పులకు విడుపు ఇవ్వమంది. లేవీయకాండం 25లో యాభయ్యో ఏడు సునాద సంవత్సరం, అమ్ముకున్న భూమి తిరిగి ఆ కుటుంబానికి చేరాలి. నజరేతు సమాజమందిరంలో యేసు చదివిన "ప్రభువు హితవత్సరము" ఈ సంవత్సరాన్నే గుర్తు చేస్తుందని చాలామంది వ్యాఖ్యాతలు చెబుతారు. కానీ ఒక ఇబ్బంది వచ్చింది. ఏడో ఏడు దగ్గరపడితే ఎవరూ అప్పు ఇచ్చేవారు కాదు. యేసుకు కొంచెం ముందు తరంవాడైన హిల్లేలు అనే గొప్ప రబ్బీ దానికి 'ప్రోజ్బుల్' అనే ఏర్పాటు చేశాడు. అప్పును న్యాయస్థానం చేతిలో పెట్టినట్టు ఒక పత్రం రాసుకుంటే ఏడో ఏడు వచ్చినా ఆ అప్పు పోదు. ఉద్దేశం చెడ్డది కాదు, పేదవాడికి అప్పు పుట్టాలనే. అయినా ఫలితం ఏమిటంటే విడుపు వచ్చినా కాగితం బతికే ఉంటుంది. నోటు వెనక చెల్లు రాయించి ఇంకో మూడేండ్లు పొడిగించే మన పద్ధతి నాకు అక్కడే కనబడింది.

క్రీస్తుశకం 66లో యెరూషలేములో తిరుగుబాటు లేచినప్పుడు జనం ముందుగా చేసిన పనుల్లో ఒకటి, రుణపత్రాలు దాచిన భండారానికి నిప్పు పెట్టడం. ఆ కాలపు చరిత్రకారుడు జోసీఫస్ రాసిపెట్టాడు. మన దగ్గర 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటంలో కూడా గడీల మీద పడ్డ రైతులు నోట్లు, దస్తావేజులు తగలబెట్టారు. ఆ మంటల కథలు మా ఊళ్లో ముసలివాళ్ల నోట విన్నవాణ్ని నేను. "మా ఋణములు క్షమించుము" అని వినగానే గలిలయ పల్లె మనిషి చెవిలో ఏం మోగి ఉంటుందో ఊహించడం నాకు కష్టం కాదు.

నూరు దినాల కూలి

క్షమాపణ గురించి ఎవరు మాట్లాడినా మత్తయి 18లోని ఉపమానం ఎత్తుతారు. రాజుకు పదివేల తలాంతులు బాకీ పడ్డ దాసుడు, ఆ దాసుడికి నూరు దేనారాలు బాకీ పడ్డ తోటి దాసుడు. మన సండేస్కూళ్లలో తలాంతు అంటే పాట పాడే నేర్పు అయిపోయింది కాబట్టి లెక్క చెబుతాను. ఒక దేనారం ఒక రోజు కూలి. ద్రాక్షతోట పనివాళ్ల ఉపమానంలో యజమాని ఒప్పుకున్న కూలి అదే. ఒక తలాంతు దాదాపు 6,000 దేనారాలు. పదివేల తలాంతులంటే ఆరు కోట్ల దినాల కూలి. ఏడాదికి 300 రోజులు పనికి పోయినా తీరడానికి రెండు లక్షల ఏండ్లు పడుతుంది. హేరోదు అంతిపకు గలిలయ, పెరయ ప్రాంతాల నుంచి ఏడాదికి వచ్చే ఆదాయం 200 తలాంతులని జోసీఫస్ లెక్క. అంటే ఆ దాసుడి బాకీ రెండు ప్రాంతాల యాభై ఏండ్ల ఆదాయం. వినేవాళ్లు నోరు తెరవాలనే యేసు అంత పెద్ద అంకె చెప్పాడు.

రెండో అంకె దగ్గర మాత్రం మనం తొందరపడతాం. నూరు దేనారాలు చిల్లర అని బోధకులు అంటుంటారు. చిల్లర కాదు. నూరు దినాల కూలి అది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం ఒక పల్లె కుటుంబానికి ఏడాదికి హామీ ఇచ్చిన పని సరిగ్గా నూరు దినాలే. ఏడాది పొడుగునా గడ్డపార పట్టి సంపాదించేదంతా ఇంకొకడి దగ్గర ఇరుక్కుపోతే ఆ మనిషికి కోపం రావడం సహజం. యేసు ఆ నష్టాన్ని తీసిపారేయలేదు. మాఫీ చేయడం నొప్పి లేని పని అని ఆయన ఎక్కడా అనలేదు. ఆరు కోట్లు మాఫీ అయినవాడు నూరింటి కోసం గొంతు పట్టుకుంటున్నాడే, ఆ పట్టుకోవడాన్ని చూడమన్నాడు.

అదే ఉపమానంలో ఇంకో వాక్యం ఉంది. బాకీ తీరడానికి దాసుణ్ని, అతని భార్యను, పిల్లల్ని అమ్మమని రాజు ఆజ్ఞ ఇస్తాడు. ఈ ప్రాంతంలో మా తాతల తరానికి దీనికి వ్యాఖ్యానం అవసరం లేకపోయింది. తండ్రి చేసిన అప్పుకు కొడుకు దొర దగ్గర జీతముండేవాడు, ఆ కొడుకు అప్పుకు మనుమడు. నిజాం రాజ్యంలో ఆ బతుకును భగేలా అన్నారు. దాన్ని అదుపు చేయడానికి 1936లో నిబంధనలు తెచ్చారు. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం దేశమంతటికీ 1976లో గానీ రాలేదు. 1912లో దోర్నకల్ బిషప్పు అయిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారి సంఘాల్లో ఎక్కువమంది భూమిలేని మాల, మాదిగ కుటుంబాలవాళ్లే. ఆ మనుషులు మోకాళ్లూని "మా ఋణములు" అన్నప్పుడు అది కవిత్వం కాదు.

(ఒక చిన్న మాట. ఈ ఉపమానానికి ముందు "డెబ్బది ఏళ్ల మారులు" క్షమించమంటాడు యేసు. మా పిల్లలు డెబ్బై సంవత్సరాలు అనుకుంటారు. ఇక్కడ ఏళ్లు అంటే ఏడులు, ఏడుసార్ల చొప్పున డెబ్బైసార్లు అని. పాత తెలుగు చదివి వినిపించేటప్పుడు పెద్దలు ఇట్లాంటివి విప్పి చెప్పాలి.)

ఎవరు ఎవరికి మాఫీ చేయాలి?

అసలు ముడి ఇక్కడుంది. దీని గురించి నేను మాట్లాడడానికి ఒక కారణం ఉంది. చాలా ఏండ్ల కింద ఒక సంఘంలో భర్త పోయిన ఒక తల్లి, ఆయన రిటైర్మెంట్ పైసలు తోటి విశ్వాసి ఒకాయనకు చేబదులు ఇచ్చింది. ఆయన లేనివాడు కాదు. రెండంతస్తుల ఇల్లు కట్టుకున్నాడు, ఆమె పైసలు మాత్రం ఇవ్వలేదు. ఆమె పెద్దల దగ్గర మొర పెట్టుకుంది. పెద్దలు మత్తయి 18 తెరిచి, "క్షమించాలె కదమ్మా, ప్రభువు నిన్ను క్షమించలేదా" అన్నారు. ఆమె ఇంకేం మాట్లాడలేదు, కొంగు నోటికడ్డం పెట్టుకొని లేచిపోయింది. ఆ పెద్దల్లో నేనూ ఒకణ్ని.

మేము చదివిన అధ్యాయంలోనే, ఉపమానానికి కొన్ని వచనాల ముందు, యేసు ఇంకో పద్ధతి చెప్పాడు. సహోదరుడు తప్పు చేస్తే ఒంటరిగా ఉన్నప్పుడు గద్దించు, వినకపోతే ఇద్దరు ముగ్గుర్ని తీసుకుపో, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు. ఆ తల్లి ఈ మెట్లన్నీ ఎక్కి వచ్చింది. ఆఖరి మెట్టు మీద కూర్చున్నవాళ్లం మేము. మా పని ఆ ఇల్లుగలాయన గడప తొక్కి "ఎప్పుడిస్తవ్" అని అడగడం. మేము ఆ పని చేయలేక ఆమెకు వాక్యం చెప్పి పంపాం.

ఉపమానంలో మాఫీ ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు పారిందో చూడండి. రాజు నుంచి దాసుడికి, అక్కడి నుంచి ఇంకా కింద ఉన్నవాడికి పారాలి. చేతిలో బలం ఉన్నవాడు వదలాలి. బలం లేనివాడి దగ్గర ఉన్నది లాక్కొని, వదిలేయమని అతనికే బోధ చేయడం సువార్త కాదు. కట్టగలిగి కట్టనివాడి గురించి బైబిలు మెత్తగా మాట్లాడదు. భక్తిహీనులు అప్పు చేసి తీర్చకయుందురు అని 37వ కీర్తన. ప్రేమ విషయంలో తప్ప మరేమీ ఎవనికీ అచ్చియుండవద్దని పౌలు రోమీయులకు రాశాడు. యేసు పన్నులు వసూలు చేసే జక్కయ్య ఇంటికి బసకు పోతే, జక్కయ్య కన్నీళ్లతో ఊరుకోలేదు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. రక్షణ ఈ ఇంటికి వచ్చిందని యేసు అన్నది ఆ మాట తర్వాతే.

మరి క్షమించిన మనిషి అప్పు అడగొచ్చా? అడగొచ్చనే నేను అనుకుంటాను. పగ వదలడం వేరు, బాకీ వదలడం వేరు. పగ వదలడం ఎప్పుడూ మన చేతిలో ఉంది, దానికి ఎదుటివాడి సంతకం అక్కర్లేదు. బాకీ వదలడం అతని స్థితిని చూసి చేసే పని. కట్టలేనివాడి విషయంలో రెండూ కలిసిపోతాయి. అప్పుడు అప్పు అడగడమే గొంతు పట్టుకోవడం. కట్టగలిగినవాణ్ని కోపం లేకుండా, నలుగురిలో పరువు తీయకుండా, కానీ వదలకుండా అడగడం అతనికీ మేలే. ఈ తేడా ఆ రోజు మాకు తెలిసి ఉంటే ఆ తల్లి ఒంటరిగా ఇంటికి పోయేది కాదు.

రూపాయి మిత్తి

నెహెమ్యా గ్రంథం 5వ అధ్యాయం మన ఊళ్లో రాసినట్టే ఉంటుంది. కరువు, రాజుకు కట్టే పన్ను, పొలాలూ ఇండ్లూ తాకట్టు, కూతుళ్లు దాసీలవడం. అప్పిచ్చినవాళ్లు పరదేశులు కాదు, తోటి యూదులే. అధిపతిగా ఉన్న నెహెమ్యా పెద్దల్ని పిలిచి, పొలాలు తిరిగి ఇచ్చేయండి, వాళ్ల దగ్గర తీసుకుంటున్న "నూరవ భాగము" కూడా తిరిగి ఇచ్చేయండి అన్నాడు. నెలకు నూటికి ఒకటి అని చాలామంది వ్యాఖ్యాతలు చెబుతారు. మన లెక్కలో రూపాయి మిత్తి! ఇవాళ రూపాయి మిత్తికి ఎవరైనా ఇస్తే వాణ్ని ధర్మాత్ముడంటాం. రెండు రూపాయలు మామూలు, మూడు చాలాచోట్ల నడిచే రేటు, అవసరం మీద పడినవాడికి ఐదు.

మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. లక్ష తీసుకున్నవాడికి మూడేండ్లకు మిత్తి ఒక్కటే 1,08,000 అవుతుంది, అసలును దాటిపోతుంది. మిత్తి అసలును మించకూడదని పాత హిందూ ధర్మంలోనే దామ్‌దుపట్ అనే కట్టుబాటు ఉండేది. పంట రుణం బ్యాంకులో దొరికితే గడువులో కట్టినవాడికి 4 శాతం పడుతుంది. కానీ బ్యాంకు పట్టా పాసుబుక్కు అడుగుతుంది. కౌలు రైతు దగ్గర అది ఉండదు. మన పల్లె సంఘాల్లో కౌలుకు చేసేవాళ్లే ఎక్కువ. విత్తనాలు, మందులు దుకాణంలో ఉద్దెర, చేతి ఖర్చుకు అడ్తిదారు దగ్గర అడ్వాన్స్. పత్తి ఎనుమాముల మార్కెట్‌కు చేరేసరికి అది ఎవరిదో ముందే రాసిపెట్టి ఉంటుంది. 2024లో రెండు లక్షల వరకు పంట రుణాలు మాఫీ చేసినప్పుడు కూడా ఆ మాఫీ బ్యాంకు పుస్తకానికే. ప్రైవేటు నోటును అది ముట్టుకోలేదు. ఆ నోటును మాఫీ చేయగలిగినవాడు అది చేతిలో ఉన్నవాడొక్కడే. అతను ఆదివారం మన పక్కన కూర్చునేవాడైతే ఆ ప్రార్థన అతనితోనే మాట్లాడుతోంది.

1997-98లో ఓరుగల్లు జిల్లా పత్తి రైతులకు ఏం జరిగిందో ఇక్కడ పెరిగినవాళ్లం మర్చిపోలేం. పురుగు పట్టింది, కొట్టిన మందు పని చేయలేదు, ఆ మందే తాగి చాలామంది పోయారు. మా ఊళ్లో ఆ ఏడు చావుకు పోయినప్పుడు నేను విన్నమాట ఒకటే. అప్పు కంటే అప్పిచ్చినవాడు వాకిట్లో నిలబడి అన్న మాట మనిషిని చంపుతుందని. ద్వితీయోపదేశకాండం 24లో ఒక చిన్న నియమం ఉంది. కుదువ తీసుకోవడానికి అప్పిచ్చినవాడు ఇంట్లోకి చొరబడకూడదు, బయట నిలబడాలి, బాకీదారే తెచ్చి ఇవ్వాలి. పేదవాడి దుప్పటి కుదువ పెట్టుకుంటే పొద్దు గుంకేసరికి తిరిగి ఇవ్వాలి. గడప దాటకపోవడం కూడా ధర్మశాస్త్రంలోని మాటే అని మనకు ఎవరూ చెప్పలేదు.

మిత్తి తీసుకునే విశ్వాసులు నాకు చూపించే వచనం మత్తయి 25. "నా సొమ్ము సాహుకారులయొద్ద ఉంచవలసి యుండెను" అని యజమాని అంటాడు కదా, యేసే మిత్తిని ఒప్పుకున్నాడు కదా అంటారు. నిజమే, ఆ మాట ఉంది. కానీ అది సోమరి దాసుణ్ని అతని మాటలతోనే పట్టుకోవడానికి అన్నది, మిత్తి మీద ఇచ్చిన తీర్పు కాదు. సంఘం కూడా ఈ విషయంలో తేలిగ్గా పోలేదు. 325లో బిషప్పులు కూడిన నైసియా సభ మిత్తికి అప్పులిచ్చే పాదిరిని పదవి నుంచి తీసేయాలంది. పదహారో శతాబ్దంలో ప్రొటెస్టెంటు సంస్కర్త కాల్విన్ ఒక గీత గీశాడు. వ్యాపారం చేసి లాభం తీసేవాడికి ఇచ్చిన సొమ్ము మీద మితమైన వడ్డీ తప్పు కాదు, ఇబ్బందిలో చెయ్యి చాచిన పేదవాడి దగ్గర మాత్రం వడ్డీ తీసుకోరాదు. మోషే ధర్మశాస్త్రంలోని గీత కూడా దాదాపు ఇక్కడే ఉంది, నిర్గమకాండం అప్పును గురించి మాట్లాడేది "బీదవాడు" అనే మాటతోనే. నాకు ఈ గీత సరైనదిగా తోస్తుంది. కిరాణా దుకాణం పెంచుకునేవాడికి ఇచ్చే సొమ్ము, ఆస్పత్రి బెంచీ మీద కూర్చున్నవాడికి ఇచ్చే సొమ్ము ఒకటి కాదు. ఈ మాట రాస్తున్నప్పుడు నా చిన్నాయన కొడుకు నాకు ఆస్పత్రి బెంచీ మీదే కనబడుతున్నాడు. ఆయన దగ్గర నేను రెండు రూపాయలు రాయించుకున్నాను.

చిట్టీలకు జమానతు సంతకం, అంటే పూచీ సంతకం, గురించి కూడా చాలామంది అడుగుతారు. సామెతల గ్రంథం దీన్ని "పూటపడడం" అంటుంది, వద్దని పదేపదే హెచ్చరిస్తుంది. మన దగ్గర జమానతు పెట్టి జీతంలో కోత పడ్డవాళ్లను చూస్తే ఆ హెచ్చరిక ఎంత అవసరమో తెలుస్తుంది. అయితే ఫిలేమోను పత్రికలో పౌలు ఏం చేశాడు? పారిపోయిన దాసుడు ఒనేసిము కోసం, అతనికి ఏమైనా ఋణముంటే నా లెక్కలో చేర్చుము, నేనే తీర్చుదును అని సొంత చేతితో రాశాడు. రెండూ బైబిలే. నాకు అర్థమైనంతలో, తెలియక, మొహమాటానికి, లెక్క చూసుకోకుండా పెట్టే సంతకాన్ని సామెతలు ఆపుతాయి. పోతే పోనీ, ఇది నేనే కడతాను అని ముందే నిర్ణయించుకొని పెట్టే సంతకం పౌలుది. కట్టే శక్తి, కట్టే మనసు రెండూ లేకపోతే పెట్టకూడదు. భార్యకు చెప్పకుండా అసలే పెట్టకూడదు.

ఇంకొకటి చెప్పాలి. ముందు కానుక విత్తనంగా వేయి, దేవుడు అప్పులు తీరుస్తాడు అనే బోధ ఈమధ్య పల్లెల దాకా వచ్చింది. అప్పు తెచ్చి కానుక వేసినవాళ్లు నాకు తెలుసు. మార్కు 7లో యేసు కోపగించుకున్నది ఇట్లాంటి దాని మీదే. తల్లిదండ్రులకు చెందాల్సినదాన్ని "కొర్బాను" అని దేవుడి పేరు పెట్టి తప్పించుకునేవాళ్లను ఆయన వదల్లేదు. కూలివాడికి, దుకాణానికి, చుట్టానికి ఇవ్వాల్సిన పైసలు కానుక పెట్టెలో వేయడం నాకు ఆ పక్కనే కనిపిస్తుంది. కానుక బలిపీఠం దగ్గర విడిచిపెట్టి ముందు సహోదరుడితో సమాధానపడమని కొండమీది ప్రసంగంలో ఆయనే అన్నాడు.

డిసెంబర్ రెండో వారం ఊరికి పోయాను. నోటు జేబులో ఉంది. దారి పొడుగునా చేన్లలో ఆఖరి పత్తి ఏరుతున్నారు. నన్ను చూసి మరదలు "బాగున్నరా బావా" అని లోపలికి పోయింది, మళ్లీ రాలేదు. తమ్ముడు మంచం వాల్చాడు.

"నోటు తెచ్చినవా అన్నా? తే, సంతకం పెడత. తారీఖు నాకూ యాదున్నది."

మిత్తి మాఫ్ అన్నాను. ఇయ్యాల్టి దాకా పడ్డ 48,000 కొట్టేద్దాం, నువ్వు ముందిచ్చిన 9,600 అసలుల తీసేద్దాం, ఇంక 70,400. చాలాసేపు ఆయన ఏం అనలేదు. అసలు కూడా ఇబ్బందైతే చెప్పు తమ్మీ అన్నాను. చెయ్యి అడ్డం పెట్టాడు.

"అది మాఫ్ చెయ్యకు. అది గూడ మాఫ్ చేస్తె నేను నీ ఇంటికి ఏం మొఖం పెట్టుకొని రావాలె? ఏడాదికి ఇరవై వేలు, పత్తి అమ్మంగనే ఇస్త. రాయి."

నోటు వెనక రాశాం. 9,600 చెల్లు, బాకీ 70,400, మిత్తి లేదు. ఆయన సంతకం పెట్టి తారీఖు వేశాడు. ఇంకో మూడేండ్లు నోటు చెల్లుతుంది. నేను అనుకొని పోయింది ఇది కాదు, కానీ ఆయన అడిగింది ఇదే. మరదలు చాయ తెచ్చి ఇచ్చి, ఈసారి గడప దగ్గరే కూర్చుంది.

క్రిస్మస్ నాడు ఆరాధన అయ్యాక ముగ్గురూ మా ఇంటికి వచ్చారు. రెండేండ్లు దాటింది వాళ్లు వచ్చి. మా ఇంటామె వంటింట్లో నుంచి చెయ్యి కడుక్కోకుండానే బయటికి వచ్చింది. గేటు తీసుకొని ముందుగా నడిచొచ్చింది ఆ పిల్లే.